కెమెరా ఎవరి చేతిలో?

గుంటూరు మిర్చి యార్డు వార్త రాయని పత్రిక లేదు. ధర పడితే టిక్కీల ఫొటో, రైతు కన్నీళ్లు, మంత్రి హామీ. నేనూ రాశాను. ముక్కుకు కొంగు కట్టుకుని తొడిమలు తీసే ఆడకూలీ ఆ ఫొటోలో ఏ మూలనో ఉంటుంది. ఆమెకు పేరుండదు, మాటుండదు.

ఈ తంతును జహీరాబాద్ దళిత మహిళలు ఎప్పుడో తిరగేశారు. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని కూలీలు, చిన్న కమతాల వాళ్లు. చాలామందికి చదువు లేదు. అయినా వీడియో కెమెరా పట్టారు. 2001లో కమ్యూనిటీ మీడియా ట్రస్టుగా నిలబడ్డారు. సినిమా భాషకే కొత్త పేర్లు పెట్టారు. పైనుంచి కిందికి చూస్తే పటేల్ షాట్. కళ్లకు కళ్లు ఎదురుగా పెడితే సంఘం షాట్. ఏ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఇంత సూటిగా చెబుతారు?

2002లో బీటీ పత్తికి కేంద్రం అనుమతిచ్చింది. ఈ మహిళలు కెమెరా భుజాన వేసుకుని వరంగల్ చేలకు వెళ్లారు. కంపెనీ ప్రకటనలను కాదు, రైతు గోడును తీశారు. 2003లో వచ్చిన ఆ సినిమా దేశాలు దాటింది.

ఆ తర్వాత రేడియో. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది. కానీ వీళ్లకు ప్రసారం చేసుకునే వీలు 2008 అక్టోబర్ 15న గానీ రాలేదు! అంతదాకా మాటలు, పాటలు రికార్డు చేసి సంఘాల్లోనే వినిపించుకున్నారు. మాచనూరులో సంఘం రేడియోకు గొంతయింది ఇద్దరు నర్సమ్మలు. హార్లెంలో 1968లో బార్బరా ఆన్ టీర్ అనే నల్లజాతి మహిళ సొంత నాటకశాల పెట్టిందీ ఇందుకే. మా కథ మేమే చెప్పుకుంటామని.

మరి గుంటూరు, ప్రకాశం నల్లరేగళ్ల మాటేమిటి? 1987లో తెల్లదోమ పత్తిని ఊడ్చేస్తే రైతులు ప్రాణాలు తీసుకున్నది ఇక్కడే. 1985 కారంచేడు, 1991 చుండూరు ఇక్కడివే. దళిత కవులు రాశారు, కాదనను. జాషువా పుట్టిన వినుకొండ ఈ గడ్డే. కానీ పత్తి తీసే, మిరపకాయలు కోసే ఆడోళ్ల చేతికి కెమెరా ఇచ్చిందెవరు?

యార్డు మార్కెట్ ఫీజు వసూలు చేస్తుంది. అందులోంచి ఓ రేకుల షెడ్డు, రెండు కెమెరాలు, ఒక మైకు ఇవ్వాలి. ఇచ్చాక అధికారులు, ఎన్జీవోలు, మాలాంటి విలేకరులు పక్కకు తప్పుకోవాలి. వాళ్లు తీసిన మొదటి సినిమా యార్డులోనే వెయ్యాలి, కమీషన్ వ్యాపారులు కూడా చూసేలా.