ఒకే కంప్యూటర్‌లో రెండు పైథాన్‌లు

"పాతది తీసేసి కొత్తది వేసుకో" అని మన కంప్యూటర్ గదిలో ఎవరైనా సలహా ఇస్తారు. సొంత ల్యాప్‌టాప్ ఉన్నవాడికి అది మంచి సలహాయే. ఒక్క కంప్యూటర్ దగ్గర పదిమంది వంతులవారీగా కూర్చునే మనకు మాత్రం అది పనికిరాదని నా అభిప్రాయం. ఒకరి కోసం వెర్షన్ మారిస్తే ఇంకొకరి ప్రాజెక్టు ఆగిపోతుంది, అదీ సబ్మిషన్ ముందురోజు.

పైథాన్‌నే తీసుకుందాం. 2008 డిసెంబరులో వచ్చిన పైథాన్ 3 అంతకుముందున్న 2తో పూర్తిగా కలవదు. తయారుచేసినవాళ్లు తెలిసే అలా మార్చారు. ప్రింట్ పక్కన బ్రాకెట్లు లేకపోతే కొత్తది ఎర్రర్ చూపిస్తుంది. అది నయం, తప్పు కంటికి కనబడుతుంది. 5ని 2తో భాగించమంటే మాత్రం పాతది 2 అంటుంది, కొత్తది 2.5 అంటుంది. ఎర్రర్ ఏమీ రాదు. మార్కుల సగటు కట్టే ప్రోగ్రామైతే జవాబు మారిన సంగతి ఎవరికీ తెలియదు.

మన భాష సంగతి ఇంకా తమాషా. యూటీఎఫ్-8లో దాచిన ఫైలులో "తెలుగు" అనే మాట పొడవెంత అని అడిగితే పాతది బైట్లు లెక్కపెట్టి 18 అంటుంది. కొత్తది ఎత్వాన్నీ కొమ్ములనూ విడిగా లెక్కపెట్టి 6 అంటుంది. మనకు కనబడేవి మూడక్షరాలే!

మరి పాతది ఎందుకంటారా? సీనియర్లు వదిలివెళ్లిన ప్రాజెక్టులూ, అల్మరాలోని పుస్తకాలూ చాలావరకు 2 నాటివి. వాటిని చూసి నేర్చుకునే తమ్ముడికి మొదటి ఉదాహరణే నడవకపోతే తప్పు పుస్తకానిదో, కంప్యూటర్‌దో తెలియదు. "నాకు రాదులే" అనుకుని లేచిపోతాడు. ఇంటికి ఫోన్ చేసి అడుగుదామంటే చెప్పేవాళ్లు లేని పిల్లలమే మనలో ఎక్కువ.

రెండూ ఉంచడం కష్టం కాదు. విండోస్‌లో వేర్వేరు ఫోల్డర్లలో వేస్తే చాలు. గొడవంతా పాత్ దగ్గరే వస్తుంది. ఒట్టి "పైథాన్" అని కొడితే పాత్ వరుసలో ముందున్నదే పలుకుతుంది. అందుకని 2012లో 3.3తో పాటు వచ్చిన "పై" లాంచర్ వాడాలి. దాని పక్కన హైఫన్ 2 అనో, హైఫన్ 3 అనో కొడితే అడిగిందే నడుస్తుంది. పైథాన్ 3లో ఎవరి ప్రాజెక్టుకు వారు వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ పెట్టుకుంటే లైబ్రరీల తగాదా కూడా ఉండదు.

ఒక జాగ్రత్త. పైథాన్ 2కు మద్దతు 2020 జనవరి 1తో ముగిసింది, భద్రతా సవరణలు రావు. పాత ప్రోగ్రాములు చూసుకోవడానికే దాన్ని ఉంచాలి గానీ ఇంటర్నెట్‌తో సంబంధమున్న పని దానితో చేయకూడదు. కొత్తగా మొదలుపెట్టేవారు 2 జోలికి పోవడం దండగ.

వార్డెన్ గారికి, విద్యార్థి కమిటీకి ఒక విన్నపం. కంప్యూటర్ పక్కన ఒక నోటుబుక్కు కట్టి ఉంచండి. ఏ వెర్షన్ ఏ ఫోల్డర్‌లో ఉందో, ఎవరు ఏ తేదీన వేశారో అందులో రాయించండి. అందులో రాయకుండా ఎవరూ ఏదీ తీసేయకూడదు. తొమ్మిదో తరగతి తమ్ముళ్లకూ అర్థమయ్యేలా తెలుగులోనే రాయించండి.