చేతులూపుకుంటూ నడవనివ్వండి

గర్భసంచి తీసేసిన ఆడమనిషిని ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ రెండు మాటలు చెబుతుంది. బరువులెత్తొద్దు. కొంచెం కొంచెం నడుస్తూ ఉండు. మొదటి మాట ఇంటిల్లిపాదికీ వినబడుతుంది, కనీసం ఓ వారం రోజులు గుర్తుంటుంది కూడా. రెండోది ఆస్పత్రి గేటు దాటేలోపే ఎక్కడో జారిపోతుంది. ఇంటికొచ్చాక ఆ మాటకి రెండే అర్థాలు మిగులుతాయి. పలకరించడానికొచ్చిన పెద్దావిడ లెక్కలో నడవడమంటే కుట్లు ఊడగొట్టుకోవడం. ఇంటాయన లెక్కలో, ‘పొద్దుణ్ణుంచీ ఇల్లంతా తిరుగుతూనే ఉందిగా, ఇంకేం నడవాలి?’

నా పేచీ ఈ రెండు లెక్కలతోనూ. రెండోదానితో మరీ ఎక్కువ.

ముందు పెద్దావిడ సంగతి. ఆవిణ్ణి వెక్కిరించడం తేలిక, ఆరోగ్య శీర్షికలు రాసేవాళ్లు చాలామంది ఆ పని చేశారు కూడా. కానీ ఆవిడ ఉద్దేశం చెడ్డది కాదు. ఆవిడ ఎరిగిన విశ్రాంతి ఒక్కటే, బాలింత విశ్రాంతి. చెవుల్లో దూది, తలకి గుడ్డ, కారప్పొడి అన్నం, మంచం దిగకుండా రోజులు. మన ఇళ్లల్లో ఆడదానికి ‘నువ్వు లేవకు, మేం చూసుకుంటాం’ అన్న మాట దొరికేది ఆ ఒక్క సందర్భంలోనే. అందుకే పెద్దాపరేషన్ అయిన కోడలికీ అదే పద్ధతి అమలు చేస్తుంది. నీళ్లు తాగితే చీము పడుతుంది, పప్పు తింటే చీము పడుతుంది, అడుగేస్తే కుట్లు ఊడతాయి. ఆ వరసలో ప్రేమ ఉంది. నిజం లేదు, అంతే.

ఆ మాటకొస్తే డాక్టర్లు మాత్రం తక్కువ తిన్నారా? పాశ్చాత్య దేశాల్లో పొట్ట కోసిన రోగుల్ని రెండు మూడు వారాలు మంచానికే పరిమితం చేయడం పందొమ్మిదో శతాబ్దంలో మామూలు. 1899లో షికాగోలో ఎమిల్ రీస్ అనే స్త్రీవైద్య నిపుణుడు, ఆపరేషనైన ఆడవాళ్లని తొందరగా లేపి నడిపిస్తే తొందరగా కోలుకుంటున్నారని రాశాడు. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో మంచాలకీ మనుషులకీ కరువొచ్చి, రోగుల్ని త్వరగా లేపక తప్పని పరిస్థితి వచ్చాక గానీ ఆ పద్ధతి ఊపందుకోలేదు. అంటే పెద్ద చదువులవాళ్లకే నలభై ఏళ్లు పట్టిన పాఠం ఇది. మా ఊరి పెద్దావిడకి ఇంకాస్త టైమివ్వడంలో తప్పులేదు.

ఎందుకు నడవాలో కూడా ఎవరూ విడమరచి చెప్పరు. చెబితే ఆవిడా ఒప్పుకుంటుందని నా నమ్మకం. కాళ్లలో రక్తం పైకి రావాలంటే పిక్క కండరం పిండుతూ ఉండాలి. పిక్క పనిచేసేది అడుగేసినప్పుడు. ఆపరేషన్ తర్వాత రక్తానికి గడ్డకట్టే గుణం పెరుగుతుంది. మనిషి కదలకుండా పడుకుంటే ఆ గడ్డ పిక్కలో తయారై, ఊడి, ఊపిరితిత్తుల్లోకి పోయి, ప్రాణమే తీయొచ్చు. ఊడేది కుట్లు కాదమ్మా, అది. అలాగే పేగులు మళ్లీ కదలాలన్నా, పొట్టలో ఉబ్బిన గాలి పోవాలన్నా, ఊపిరితిత్తుల అడుగున తేమ చేరకుండా ఉండాలన్నా మనిషి లేవాలి. అందుకే వీలైతే మర్నాడే నర్సు వచ్చి కూచోబెడుతుంది, మంచం పట్టుకుని నాలుగడుగులు వేయిస్తుంది.

ఇంటికొచ్చాక కూడా అదే వరస, నెమ్మదిగా పెంచుకుంటూ. మొదటి రోజుల్లో ఐదేసి నిమిషాలు, రోజుకి నాలుగైదు సార్లు. వీధి గుమ్మం దాకా, తర్వాత పక్కిల్లు దాకా, తర్వాత సందు చివరిదాకా. అలసట వచ్చేదాకా కాదు, అలసట రాకముందే వెనక్కి తిరగాలి, ఎందుకంటే వెళ్లినంత దూరమూ తిరిగి రావాలి కదా. ఇలా పెంచుకుంటూ పోతే చాలామంది రెండు మూడు వారాలకి అరగంటకి తక్కువ కాకుండా నడవగలుగుతారు. పొట్ట కోసి చేశారా, కింది నుంచి చేశారా, చిన్న కన్నాలు పెట్టి చేశారా అన్నదాన్ని బట్టి ఇందులో తేడాలుంటాయి. రక్తస్రావం ఎక్కువైనా, జ్వరం వచ్చినా, ఒక పిక్క మాత్రమే వాచి నొప్పి పెట్టినా, ఆయాసం వచ్చినా నడక ఆపి ఆస్పత్రికి పరిగెత్తాలి. చెప్పాల్సింది ఇంతే. డిశ్చార్జి కాగితం మీద తెలుగులో పది లైన్లు పట్టదు. అయినా ఆ కాగితం ఇంగ్లీషులోనే వస్తుంది. ఆడవాళ్ల ఒంటి సంగతులన్నీ పచ్చి తెలుగులో చెప్పొచ్చని ‘సవాలక్ష సందేహాలు’ పుస్తకంతో స్త్రీశక్తి సంఘటన వాళ్లు ఎప్పుడో చూపించారు. ఆస్పత్రులకి ఆ కబురింకా అందినట్టు లేదు.

ఇక రెండో లెక్క. ‘ఇంట్లో తిరుగుతూనే ఉందిగా.’

ఈ మాట అనేవాళ్లలో నిరక్షరాస్యులు తక్కువ. ఫోన్లో అడుగులు లెక్కపెట్టుకునే ఉద్యోగస్తులు అంటారు. తమకి మాత్రం తెల్లారి బూట్లేసుకుని కాలేజీ గ్రౌండుకి వెళ్లందే అది వాకింగ్ కాదు. ఆఫీసులో మెట్లెక్కిదిగినవీ, బస్సెక్కడానికి పరిగెత్తినవీ లెక్కలోకి రావు. ఆవిడ విషయానికొచ్చేసరికి వంటింటికీ పెరటికీ మధ్య తిరిగిన ప్రతి అడుగూ వ్యాయామమే.

కాదు. ఎందుకు కాదో కిలోల్లో చెబుతాను. ఆపరేషనైన ఆరు వారాలదాకా ఎంత బరువెత్తొచ్చన్నది డాక్టర్ని బట్టి కొంచెం మారినా, చాలామంది చెప్పేది నాలుగైదు కిలోలు దాటొద్దని. నిండా నీళ్లున్న బకెట్ పదిహేను కిలోలు. మంచినీళ్ల టిన్ను ఇరవై. నిండు గ్యాసుబండ దాదాపు ముప్ఫై, అందులో గ్యాసు ఒక్కటే 14.2 కిలోలు. తడిసిన దుప్పటి పిండటం, ఇడ్లీపిండి గిన్నె గ్రైండర్లోంచి లేపడం, చంటిపిల్లాణ్ణి చంకనేసుకోవడం, ఇవన్నీ ‘ఇంట్లో తిరగడం’ కిందే జమ. పైన చర్మం కుట్లు వారం పదిరోజుల్లో మానిపోతాయి. అందుకే చూసేవాళ్లకి ఆవిడ బాగైపోయినట్టే కనిపిస్తుంది. లోపల పొట్టని కట్టిపట్టే గట్టిపొర ఉంటుంది. ఆరు వారాలకి కూడా దానికి పూర్తి బలం రాదు. బరువెత్తిన ప్రతిసారీ పొట్టలో ఒత్తిడి పెరిగి ఆ పొర మీదా, కింద కటిభాగపు కండరాల మీదా పడుతుంది. చదునైన నేల మీద నింపాదిగా నడిస్తే అంత ఒత్తిడి పడదు. డాక్టరమ్మ చెప్పిన రెండు మాటలూ నిజానికి ఒకే మాట. నడువు, కానీ మొయ్యకు. మనం దాన్ని తిరగేసి, మోస్తోంది కాబట్టి నడుస్తున్నట్టే అని చదువుకున్నాం.

మా మేనత్తకి నలభై ఒకటో ఏట ఆపరేషనైంది. పదమూడో రోజున తడిబట్టల బకెట్ ఎత్తుకుని డాబా మెట్లెక్కింది. ఎవరూ ఎక్కమనలేదు. ఎవరూ వద్దనలేదు కూడా. ‘నడవమన్నారుగా’ అని తనే నవ్వింది. రెండేళ్లకి కుట్టు పక్కన ఉబ్బొచ్చింది, హెర్నియా అన్నారు, మళ్లీ కోశారు. ఆ బకెట్ వల్లే వచ్చిందని నేను రుజువు చేయలేను, హెర్నియాకి సవాలక్ష కారణాలుంటాయి. కానీ ఆ రోజు ఆ ఇంట్లో ఖాళీ చేతులతో ముగ్గురున్నారన్నది మాత్రం రుజువు చేయగలను.

తెలుగులో ‘చేతులూపుకుంటూ రావడం’ అంటే తప్పుపట్టడం. చుట్టపుచూపుగా వెళ్లినవాళ్లు చేతులూపుకుంటూ వెళ్లకూడదు, పుట్టింటి నుంచి కూతురు చేతులూపుకుంటూ రాకూడదు. ముఖ్యంగా ఆడమనిషి చేతులు ఊరికే ఉండకూడదు. వీధిలోకి వెళ్తే సంచీ ఉండాలి, గుడికెళ్తే పళ్లెం ఉండాలి, పొలానికెళ్తే క్యారేజీ ఉండాలి. ఏమీ లేకుండా, ఏ పనీ లేకుండా, చేతులూపుకుంటూ వీధి చివరిదాకా వెళ్లి వెనక్కొచ్చే ఆడమనిషిని ‘ఎక్కడికి బయల్దేరావ్?’ అని కనీసం నలుగురు అడుగుతారు. జవాబు చెప్పలేక ఆవిడ ఇంట్లోనే ఉండిపోతుంది. ఇంట్లో ఉంటే ఏదో ఒకటి ఎత్తుతుంది.

ఊళ్లల్లో ఒకప్పుడు ఆడవాళ్లకి తోడుతో కూడిన నడక ఒకటుండేది, చీకటితోనే చెంబులు పట్టుకుని వెళ్లేది. అది అవమానం, భయం, పాముల బెడద. ఇంటింటికీ మరుగుదొడ్డి వచ్చి అది పోవడమే మంచిది, దాని కోసం కన్నీళ్లు అక్కర్లేదు. కానీ దాని బదులు వాళ్లకి ఇంకో నడక ఇవ్వాలని మాత్రం ఎవరికీ తోచలేదు. విశాఖలో తెల్లవారుజామున బీచ్ రోడ్డు మీద బళ్లు ఆపి మరీ నడిచేవాళ్లకి దారి వదులుతారు. హైదరాబాదులో కె.బి.ఆర్. పార్కు ఉంది. గర్భసంచులు పోగొట్టుకున్న ఆడవాళ్లలో ఎక్కువమంది ఆ పార్కుల చుట్టుపక్కల ఉండేవాళ్లు కాదు.

ఎక్కడుంటారో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతూనే ఉంది. 2019-21 లెక్కల్లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీసేసినవాళ్లు దేశం మొత్తానికి నూటికి ముగ్గురు చిల్లర. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మంది, తెలంగాణలో ఎనిమిది మందికి పైనే. దేశంలో మొదటి రెండు స్థానాలూ మనవే. ఊళ్లల్లోనే ఎక్కువ, చదువు తక్కువున్నవాళ్లలోనే ఎక్కువ, చేసినవి ఎక్కువగా ప్రైవేటు ఆస్పత్రులే.

ఇక్కడ ఒక మిత్రురాలు నన్ను నిలదీసింది. ‘అసలు అక్కర్లేని ఆపరేషన్ల గురించి మాట్లాడకుండా, ఆపరేషనయ్యాక షికార్ల గురించి మాట్లాడతావేంటి?’ అని. ఆ గొడవ అవసరమే. 2023 ఏప్రిల్లో సుప్రీంకోర్టు, అనవసరపు గర్భసంచి ఆపరేషన్లని ఆపడానికి కేంద్రం చేసిన మార్గదర్శకాలని మూడు నెలల్లో అమలు చేయమని రాష్ట్రాలకి చెప్పింది. చెయ్యాలి, చేయించాలి. అయితే ఆ తీర్పు ఇప్పటికే కోయించుకున్న పొట్టలకి ఏ విధంగా పనికొస్తుంది? అవసరం లేని ఆపరేషన్ చేయించుకున్నావు గనక నీ కోలుకోవడం గురించి మేం మాట్లాడం అంటామా? కోత న్యాయమైనా అన్యాయమైనా మానడానికి పట్టే రోజులు అవే.

ఆ రోజులెన్నో ప్రభుత్వానికి తెలుసు. 2011లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వమే జీవో ఇచ్చింది, గర్భసంచి తీయించుకున్న మహిళా ఉద్యోగికి 45 రోజుల ప్రత్యేక సెలవు. మంచి జీవో. టీచరమ్మలు నాలుగు కాలాలపాటు దాని పేరు చెప్పుకోవచ్చు. కానీ మిరపకాయలు కోసే మనిషి పొట్టలో ఆ గట్టిపొర, టీచరమ్మ పొట్టలోదానికన్నా తొందరగా మానుతుందని ఏ వైద్యగ్రంథంలో రాశారు? 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ కింద ఆపరేషనైన వాళ్లకి విశ్రాంతి కాలానికి రోజుకి 225 రూపాయల చొప్పున, నెలకి 5 వేలు మించకుండా ఇస్తామన్నారు. ఏ ఆపరేషన్లకి, ఎన్ని రోజులకి అన్న పేచీలు పక్కనపెట్టి చూస్తే అందులో ఒక సంగతుంది. కోలుకోవడం కూడా కూలి కట్టాల్సిన పనే అని ఒక ప్రభుత్వం కాగితం మీద ఒప్పుకుంది. ఆ ఒప్పుకోలుని రెండు రాష్ట్రాల్లోనూ, గర్భసంచి పోగొట్టుకున్న ప్రతి కూలిమనిషికీ, పూర్తి 45 రోజులకీ వర్తింపజేయమని అడగాలి. కూలి లేనివాళ్లకి ‘నడవండమ్మా’ అని చెప్పడమంటే, పనిలోకి వెళ్లమని చెప్పడమే.

మా బామ్మలు పురుడొచ్చిన మూణ్ణాళ్లకే నాట్లేశారు, వాళ్లకేమైంది అనే వాదం ఎలాగూ వస్తుంది. ఏమైందో చెప్పడానికి వాళ్లకి నోరు లేదు. జారిన గర్భసంచుల్ని గుడ్డపీలికలతో బిగించుకుని బతికిన ముసలమ్మలు మన ఊళ్లల్లో ఎందరో మీ ఇంట్లో పెద్దాడవాళ్లనే గదిలోకి తీసుకెళ్లి అడగండి, మగవాళ్ల ముందు కాదు.

మన రచయితలకీ ఒక మాట. గర్భసంచి మీద మనకి కవిత్వానికి కొదవలేదు. అమ్మతనపు గుడి అనో, ఆడతనపు చెర అనో, ఏదో ఒకటి. ఆపరేషన్ బల్ల మీద లైటు వెలగడంతో కథ ముగిసిపోతుంది. ఆ తర్వాతి నలభై ఐదు రోజులు ఏ కథలోనూ రావు. ఆ రోజుల్లో పోలికలకి పనికొచ్చేదేమీ లేదు కాబోలు. మలబద్ధకం, బెల్టు ఒరుసుకుని దురద, దగ్గొస్తే పొట్టకి తలగడ అదుముకోవడం, ఉన్నట్టుండి ఏడుపు, అండాశయాలు కూడా తీసేసి ఉంటే ఆవిర్లు. అసలు పోట్లాటంతా ఆ రోజుల్లోనే, నీళ్లు ఎవరు పట్టాలన్న దగ్గరే జరుగుతుంది.

కాబట్టి డిశ్చార్జి రోజున డాక్టరమ్మ ఆవిడతో కాదు, వెంట వచ్చిన మొగుడితోనో కొడుకుతోనో మాట్లాడాలి. తెలుగులో, కాగితం మీద కూడా. ‘ఈ ఆరు వారాలూ బకెట్లు నువ్వు మొయ్యి. బట్టలు నువ్వు ఆరెయ్యి. పొద్దున ఓసారి, చల్లబడ్డాక ఓసారి ఈవిడతో పాటు సందు చివరిదాకా వెళ్లిరా. ముందు నడవకు, పక్కన నడువు. చేతిలో సంచీ పెట్టకు. దారిలో పాలప్యాకెట్ కొనాల్సొస్తే నువ్వు పట్టుకో.’