ఈరీ సరస్సు తీరాన త్యాగరాజస్వామి

పుష్య బహుళ పంచమినాడు తిరువయ్యారులో, కావేరి ఒడ్డున, వందలాది గాయకులు కూడి పంచరత్న కృతులను ఆలపిస్తారు. త్యాగరాజస్వామి 1847లో సిద్ధి పొందిన తిథి అది. అదే సమయాన అమెరికాలోని క్లీవ్‌లాండ్ నగరం మంచుతో కప్పబడి ఉంటుంది. ఈరీ సరస్సు మీదుగా వీచే చలిగాలులకు గడప దాటడమే కష్టం. ఆ నగరంలో స్వామి ఆరాధన వసంతాగమనంతో, ఈస్టరు పండుగ ప్రాంతంలో జరుగుతున్నది.

ఈ ఉత్సవం 1978లో ఒక చర్చి నేలమాళిగలో ప్రారంభమైనది. నాడు హాజరైనవారు సుమారు 75 మంది. మృదంగ విద్వాంసుడు రామనాడ్ రాఘవన్ ప్రోత్సాహంతో వి.వి. సుందరం, ఆర్. బాలసుబ్రమణియన్ ప్రభృతులు ఈ కార్యానికి పూనుకున్నారు. తరువాత క్లీవ్‌లాండ్ స్టేట్ విశ్వవిద్యాలయం దీనికి వేదిక అయినది. ఆనాటి చిన్న సభ క్రమంగా పన్నెండు రోజుల మహోత్సవంగా పెరిగినది. ఉక్కు కర్మాగారాలకు పేరొందిన నగరానికి ఏటేటా సంగీత విద్వాంసులు, నర్తకులు, రసికులు తరలివస్తున్నారు. బాలబాలికలకు జరిగే సంగీత పోటీలు ఈ ఉత్సవానికి ప్రాణం వంటివి.

తెలుగువారు ఈ వార్త విని గర్వించడం సహజమే. ఆ గర్వంతోపాటు కొంత ఆలోచన కూడా అవసరం. ఈ ఉత్సవాన్ని నెలకొల్పి పోషించినవారిలో అత్యధికులు తమిళులు. వారు పాడుతున్నది మాత్రం తెలుగు. పంచరత్నాలలో నాట రాగ కృతి సంస్కృతం; గౌళ, ఆరభి, వరాళి, శ్రీరాగ కృతులు నాలుగూ తెలుగే. స్వామి తన రాముణ్ణి ప్రార్థించినా, నిష్ఠురమాడినా, తన మనస్సును తానే మందలించుకున్నా, ఇంట మాట్లాడే ఈ భాషలోనే.

అక్కడ పుట్టిన పిల్లలలో అనేకులు ఈ సాహిత్యాన్ని రోమను లిపిలో వ్రాసుకొని నేర్చుకుంటారు. గుర్తులేవీ చేర్చని ఆ లిపిలో ‘మాట’కూ ‘మాత’కూ భేదం లేదు. ‘కల’, ‘కళ’ ఒక్కటే. ‘పాడు’, ‘పాదు’ ఒక్కటే. గురువు పెదవులను గమనించి ఉచ్చారణ దిద్దుకున్నా, అర్థం తెలియకపోతే పదాన్ని ఎక్కడ విరవాలో, ఏ మాట మీద నిలవాలో బోధపడదు. త్యాగరాజస్వామి సంగతులు అనేక చోట్ల ఆ మాటలోని భావాన్నే విప్పి చెబుతాయి. భావం అందనివానికి అవి కేవలం కంఠ వ్యాయామాలు.

ఇది పరాయి దేశంలోని పిల్లల లోపమని తీసివేయరాదు. తెలుగునాట పుట్టి, తెలుగు చదవడం రాని పిల్లల పరిస్థితి ఇంతకంటె భిన్నమా?

చరిత్రలో మరొక సంగతి ఉన్నది. శిథిలమైపోతున్న స్వామి సమాధిని ఉద్ధరించి, తన సొమ్ముతో అక్కడ మందిరం కట్టించిన మహనీయురాలు బెంగుళూరు నాగరత్నమ్మ. ఆమె జన్మస్థలం మైసూరు ప్రాంతంలోని నంజనగూడు. స్త్రీలకు ఆ సన్నిధిలో పాడే అర్హత లేదన్న రోజులలో, స్త్రీలనే కూడగట్టి ఆరాధన జరిపించిన ధీర ఆమె. తెలుగు కవిత్వాన్ని శ్రద్ధతో అభ్యసించి, దానికోసం పాటుపడినది.

కన్నడ దేశాన పుట్టిన స్త్రీ సమాధిని కాపాడినది. తమిళ కుటుంబాలు స్వామి గానాన్ని సముద్రాలు దాటించాయి. పాటలోని మాటకు అర్థం చెప్పే బాధ్యతైనా తెలుగువారు వహించాలి. అందుకు సభలూ, చందాలూ అక్కరలేదు. సంగీతం నేర్చుకునే బిడ్డ ఇంట ఉంటే, వారానికొక కృతి తీసుకొని, ప్రతి మాటకూ అర్థం చెప్పి, తెలుగు లిపిలో వ్రాయించితే చాలు. క్లీవ్‌లాండులోనైనా, కాకినాడలోనైనా ఆ బిడ్డ గొంతులో పాటతోపాటు మాట కూడా బ్రతుకుతుంది.