ఫోను డ్యూటీకి, బిడ్డ బడికి

2020 మార్చిలో బడులు మూతపడినవి; గూడ్సు బండ్లు, టపా మాత్రం ఆగలేదు. దేశానికి సరుకులూ, పింఛన్లూ అందించిన మన కార్మికుల బిడ్డలకు తరగతి ఫోనులోకి మారినది. ఇంటనున్న ఒక్క ఫోను తండ్రితో డ్యూటీకి పోయిన నాడు ఆ బిడ్డకు బడి లేనట్లే.

తెలంగాణలో 2020 సెప్టెంబరు 1 నుండి దూరదర్శన్, టీశాట్‌లలో పాఠాలు ప్రసారమైనవి. పాఠం ఇల్లు చేరినది. బిడ్డ సందేహం ఉపాధ్యాయుని చేరుటకు తెరలో దారి లేదు. ప్రశ్నకు తావులేనిది ప్రసారమే గాని తరగతి కాదు.

కనుక ఆన్‌లైన్ తరగతి నెలకొల్పువారు పాఠాన్ని తిరిగి వినుటకు నిలువ ఉంచవలెను. తక్కువ డేటాతో తెరుచుకొను రాతప్రతిని జతపరచవలెను. షిఫ్టు ముగిసి ఫోను ఇల్లు చేరిన పిదప సందేహాలకొక గంట కేటాయించవలెను. ఆ గంట ఉపాధ్యాయుని పనివేళలలో లెక్కకు రావలెను, అతడూ కార్మికుడే.

2016 జనవరిలో ముంబయి సెంట్రల్‌లో మొదలైన రైల్‌టెల్ వైఫై 6,000కు పైగా స్టేషన్లకు విస్తరించినది. ప్లాట్‌ఫారం చేరిన సౌకర్యం ప్రక్కనున్న రైల్వే ఇన్‌స్టిట్యూటుకు, తపాలా కాలనీకి చేరరాదా? అక్కడొక చదువు గది కావలెనని ప్రతి శాఖా తీర్మానించి యాజమాన్యం ముందుంచవలెను. బిడ్డల చదువు కూడా మన కోర్కెల పత్రంలోని అంశమే.