డీటీపీ వస్తే సరిపోతుందా?

పెళ్లిళ్ల సీజన్ వచ్చిందంటే వరంగల్, హన్మకొండల్లో డీటీపీ సెంటర్లకు రాత్రి పొద్దుపోయినా తాళం పడదు. ఆ కుర్చీల్లో కూచునే కుర్రాళ్లలో చాలామంది ఇంటరో డిగ్రీయో అయిందనిపించి, తెలిసినవాళ్ల షాపులో చేరి, పక్కవాడి మౌస్ చూసి పని పట్టుకున్నవాళ్లే. పేజ్‌మేకర్, ఫొటోషాప్, కోరల్‌డ్రా మీద వాళ్ల చేతివేగం ముచ్చటగా ఉంటుంది. చిక్కంతా ఫైలు ప్రెస్సుకు పోయాకే.

పెళ్లివారు వాట్సాప్‌లో పంపిన మ్యాటర్ యూనికోడ్‌లో ఉంటుంది. షాపులో ఉన్నవేమో యూనికోడ్ కాని అనూ ఫాంట్లు. కాపీ చేసి అతికిస్తే తెలుగు పోయి పిచ్చిగీతలు మిగులుతాయి. కన్వర్టర్ సంగతి తెలియని కుర్రాడు మొత్తం మళ్లీ టైపు కొడతాడు. ఆ తొందరలో పెళ్లికూతురి ఇంటిపేరులో వత్తు ఎగిరిపోతుంది. మ్యాటర్‌ను ఫొటోషాప్‌లోనే కొట్టేస్తే నలుపు ఒక్క ప్లేటు మీద ఉండాల్సింది కాస్తా నాలుగు ప్లేట్లకూ పాకుతుంది. మెషీన్ మీద ఒక ప్లేటు వెంట్రుకవాసి జరిగినా చాలు, సన్నటి వత్తుల పక్కన ఎరుపో నీలమో తొంగిచూస్తుంది. స్క్రీన్ మీద ధగధగలాడిన నీలం అచ్చుకు వాడే సీఎంవైకే రంగుల్లోకి రాగానే కళ తప్పుతుంది. తిట్లు మాత్రం ప్రెస్సువాడికి!

కుర్రాడిదీ తప్పనలేం. సాఫ్ట్‌వేర్ నేర్పినవాళ్లు ఏ బటన్ ఎక్కడుందో చూపించారు గానీ, ఇంకు కాగితం మీద ఎలా పడుతుందో చూపించలేదు.

ఈ గడ్డకు అచ్చుపని కొత్తేమీ కాదు. 1922లో పాత వరంగల్ జిల్లాలోని ఇనుగుర్తి అనే పల్లెటూళ్లో ఒద్దిరాజు సీతారామచంద్రరావు, రాఘవరంగారావు సోదరులు సొంతంగా ప్రెస్సు పెట్టి ‘తెనుగు’ వారపత్రిక నడిపారు. రాయడం, దిద్దడం, అచ్చేయడం అన్నీ వాళ్ల ఇంటి పనే. రాసే చేతికి అచ్చుపనీ తెలిసిన ఆ పద్ధతే ఇవాళ్టి శిక్షణలో కరువైంది.

ప్రింటింగ్ టెక్నాలజీలో డిప్లొమా కావాలనుకున్న వరంగల్ పిల్లవాడు సికింద్రాబాద్‌లోని ప్రభుత్వ సంస్థ వైపు చూడాలి. ఫొటోగ్రఫీలోనో అప్లయిడ్ ఆర్ట్‌లోనో డిగ్రీ చేయాలంటే హైదరాబాద్‌లో జేఎన్‌ఏఎఫ్‌ఏయూ విశ్వవిద్యాలయం ఉంది. ఐటీఐ ట్రేడుల జాబితాలో డీటీపీ ఆపరేటర్ ఏడాది కోర్సు ఉంది. ఊరికి దగ్గర్లో హసన్‌పర్తిలో స్టేట్ బ్యాంకు గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థ ఉంది. ఇలాంటి సంస్థలు ఫొటోగ్రఫీ, వీడియోగ్రఫీ కోర్సును సుమారు నెల రోజులపాటు ఉచితంగా నేర్పుతాయి. మంచి ప్రయత్నమే. కానీ నెలలో కెమెరా పట్టడం వస్తుంది, వెలుతురు పట్టడం రాదు. ప్రీ వెడ్డింగ్ ఫొటోల కోసం జంటలు లక్నవరం చెరువు వంతెన మీదికి వస్తున్నాయి. అక్కడ మిట్టమధ్యాహ్నపు ఎండలో మొహం మీద నీడలు పడకుండా తీయడానికి కెమెరా ఖరీదు ఒక్కటే అక్కరకు రాదు. తీసిన ఫొటో ఆల్బమ్‌గా అచ్చై వచ్చేదాకా ఆ రంగులకు ఫొటోగ్రాఫరే పూచీ పడాలి.

ఫ్లెక్సీల సంగతి చెప్పనే అక్కర్లేదు. 2014లో చిత్రకారుడు ఏలె లక్ష్మణ్ రూపొందించిన రాష్ట్ర రాజముద్రలో మన కాకతీయ తోరణం ఉంది. ఆ తోరణాన్నే ఖాళీ జాగా నింపడానికి అడ్డంగా సాగదీసి, పక్కన నాయకుడి మొబైల్ ఫొటోను మసకమసగ్గా పెంచి కట్టిన ఫ్లెక్సీలు చౌరస్తాల్లో కనబడుతూనే ఉంటాయి. అందమైన తెలుగు అక్షరాలు లేవనే సాకు కూడా ఇప్పుడు చెల్లదు. సిలికానాంధ్ర చొరవతో వచ్చిన మండలి, రామభద్ర, సూరన్న వంటి యూనికోడ్ ఫాంట్లు ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు.

వరంగల్ ప్రభుత్వ పాలిటెక్నిక్‌లోనో ఐటీఐలోనో డిజైన్, ఫొటో, ముద్రణ మూడూ కలిపి ఏడాది కోర్సు పెట్టాలి. సగం రోజులు క్లాసులో, సగం రోజులు ఊళ్లోని ఆఫ్‌సెట్ ప్రెస్సుల్లో గడిచేలా ఉండాలి. స్టైపెండ్ ఇచ్చి పని నేర్పడానికి 1961 నాటి అప్రెంటిస్ చట్టం ఉండనే ఉంది. ప్రెస్సు యజమానులూ ముందుకు రావాలి, చెడిన ప్లేట్ల ఖర్చు భరిస్తున్నది వాళ్లే కదా.

అప్పటిదాకా తల్లిదండ్రులకు ఒక మాట. పిల్లవాణ్ని గ్రాఫిక్ డిజైన్ కోర్సులో చేర్చి ఫీజు కట్టే ముందు, అక్కడ నేర్చుకున్నవాళ్లు చేసిన పని అచ్చయిన కాగితం మీద చూపించమని అడగండి. కంప్యూటర్ తెర మీద చూపిస్తే లేచి వచ్చేయండి.