ఆరు వందల సంచుల లెక్క

ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి శ్రీ సత్యకుమార్ యాదవ్ గారికి,

తీవ్రమైన తలసేమియా ఉన్న పిల్లలు రెండు మూడు వారాలకోసారి రక్తం ఎక్కించుకుంటేనే బతుకుతారు. మా విడవలూరులాంటి తీర మండలంలో పుట్టిన బిడ్డయితే అందుకోసం ప్రతిసారీ నెల్లూరు దారి పట్టాల్సిందే. మీకు నా ముఖ్య విన్నపం ఇది. ఇలా ఏళ్ల తరబడి పరాయి రక్తం మీద బతికేవాళ్లకు వైరస్‌ను నేరుగా వెతికే న్యాట్ పరీక్ష దాటిన రక్తమే ఇవ్వాలని ఉత్తర్వు ఇవ్వండి.

దాత రక్తానికి హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్, మలేరియా పరీక్షలు తప్పనిసరి. న్యాట్ మాత్రం తప్పనిసరి కాదు. మామూలుగా చేసే యాంటీబాడీ పరీక్ష వెతికేది వైరస్ సోకాక ఒంట్లో పుట్టే యాంటీబాడీలను. అవి కనపడడానికి హెచ్‌ఐవీలో సుమారు మూడు వారాలు, హెపటైటిస్ సిలో రెండు నెలల దాకా పడుతుంది. ఆలోగా దాత ఆరోగ్యంగానే ఉంటాడు, ఫలితం నెగెటివ్ అనే వస్తుంది, రక్తంలో మాత్రం వైరస్ ఉంటుంది. న్యాట్ వైరస్ జన్యుపదార్థాన్నే పట్టుకుంటుంది కనుక ఈ గడువు పది రోజులకు అటూ ఇటూగా తగ్గిపోతుంది. జీవితంలో ఒకసారి ఆపరేషన్‌కు రక్తం ఎక్కించుకునేవారికి ఈ తేడా చిన్నదే. తలసేమియా బిడ్డకు అలా కాదు. మాటవరసకు పదివేల సంచుల్లో ఒకదానిలో ప్రమాదం ఉందనుకుందాం. ఏడాదికి 20 చొప్పున 30 ఏళ్లకు 600 సంచులు. వాటిలో ఏదో ఒకటి కాటేసే అవకాశం నూటికి దాదాపు ఆరు! ఇది ఊహించి వేసిన లెక్కే. కానీ 2011లో గుజరాత్‌లోని జునాగఢ్‌లో 23 మంది తలసేమియా పిల్లలకు, 2025 అక్టోబరులో జార్ఖండ్‌లోని చైబాసాలో ఐదుగురు పిల్లలకు హెచ్‌ఐవీ ఉన్నట్టు బయటపడడం ఊహ కాదు. హైదరాబాద్‌లోనూ మూడేళ్ల తలసేమియా బాబుకు హెచ్‌ఐవీ అని తేలితే తల్లిదండ్రులు పోలీసు స్టేషన్ మెట్లెక్కారు.

న్యాట్ ఖరీదు ఎక్కువంటారు, నిజమే. కానీ ప్రతి బ్లడ్ బ్యాంకులో యంత్రం పెట్టనక్కర్లేదు. సంచి నెల్లూరులోనే ఉండి, నమూనా గొట్టం తిరుపతిలాంటి చోట నెలకొల్పే ఒక కేంద్రానికి వెళ్లొస్తే చాలు. కొన్ని నమూనాలను కలిపి ఒకేసారి పరీక్షించే పద్ధతీ ఉంది. ఎర్రకణాలు ఐదారు వారాలు నిలవ ఉంటాయి కాబట్టి ఒకట్రెండు రోజులు ఆగినంత మాత్రాన నష్టం లేదు. ఆ ఖర్చు పక్కన, ఒక పసివాడికి జీవితాంతం ఇవ్వాల్సిన హెచ్‌ఐవీ మందుల ఖర్చు కూడా పెట్టి చూడండి.

న్యాట్ ఒక్కటే సరిపోదన్న అభ్యంతరం ఇంకా బలమైనది. 2018లో తమిళనాడులోని సాత్తూరులో ఒక గర్భిణికి హెచ్‌ఐవీ ఉన్న రక్తం ఎక్కించారు. ఆ దాతకు వైరస్ ఉన్నట్టు రెండేళ్ల ముందే తేలినా ఆ కబురు అతనికి చేరలేదు. అలాంటి చోట ఎంత గొప్ప యంత్రమున్నా రికార్డు సరిగా లేకపోతే సరిపోదు. అందుకే న్యాట్‌తో పాటు రక్తం ఎక్కించుకునేవారికీ ఆరు నెలలకోసారి పరీక్ష చేయించండి. హెపటైటిస్ సి సకాలంలో తెలిస్తే మూడు నెలల మాత్రలతో చాలామందికి నయమవుతుంది. 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ఆ మాత్రలు ఉచితం కూడా. ఈ విషయాలు బయట మాట్లాడితే జనం రక్తదానం మానేస్తారన్న భయం నాకు సబబుగా తోచదు. కొత్త సూదితో రక్తం ఇచ్చే దాతకు ఏ వైరస్సూ అంటదని అదే నోటితో చెప్పవచ్చు.

ఆ పరీక్షా కేంద్రం ఏర్పడేదాకా ఆగకుండా రేపే చేయదగ్గ పని ఒకటుంది. ప్రతి తలసేమియా బిడ్డ చికిత్స పుస్తకంలో ఎక్కించిన సంచి నంబరు, దాని పరీక్ష తేదీ, పరీక్ష పేరు రాయించండి. ఎప్పుడైనా ఫలితం తేడాగా వస్తే ఆ సంచి దాకా వెనక్కి వెళ్లే దారి తల్లిదండ్రుల చేతిలో ఉంటుంది.

ఇట్లు,
విడవలూరు పౌరుడొకరు
శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా