క్లౌడ్‌కి మూడు జోన్లు, మన ఊరికి ఒక్క టవరు



“సర్వర్ డౌన్” అన్న మాట తెలియనివాళ్లు మన ఏజెన్సీలో ఎవరూ లేరు. ఏ బడికీ వెళ్లని అవ్వకి కూడా ఆ రెండు ఇంగ్లీషు ముక్కలు వచ్చు. రేషను డిపో దగ్గర అదే మాట. సచివాలయంలో అదే, మీసేవలో అదే. స్కాలర్‌షిప్పుకి అప్లై చేసే నెట్ సెంటర్లో కూడా అదే. ఆ మాట విన్నాక మనం ఏం చేస్తాం? వాన పడుతోందంటే ఎలా ఆగిపోతామో అలా ఆగిపోతాం. ఎవర్నీ అడగం. రేపు రమ్మంటే రేపు వస్తాం. మళ్లీ కొండ దిగుతాం, మళ్లీ ఎక్కుతాం. ఆ రోజు కూలి పోతుంది, ఆటో చార్జీ పోతుంది. ఒక్కోసారి అప్లికేషను గడువే పోతుంది.

ఈ పోస్టులో మేం చెప్పదలచుకున్నది ఒక్కటే. సర్వర్ డౌన్ అవడం వాన లాంటిది కాదు. దాని వెనక ఎవరో వేసిన లెక్క ఉంటుంది, ఎవరో తీసుకున్న నిర్ణయం ఉంటుంది. అది అర్థం కావాలంటే క్లౌడ్‌ని ఎలా కడతారో మనకి తెలియాలి. పోస్టు కొంచెం పొడుగే, ఓపిగ్గా చదవండి.

క్లౌడ్ నేల మీదే ఉంది

క్లౌడ్ అంటే మబ్బు. పేరే మబ్బు గానీ ఉండేది నేల మీదే. పెద్ద పెద్ద గోడౌన్లలాంటి బిల్డింగులు. లోపల వరసగా ఇనుప ర్యాకులు, ర్యాకుల నిండా సర్వర్లు. అవి రాత్రీ పగలూ వేడెక్కుతూనే ఉంటాయి కాబట్టి చల్లబరిచే యంత్రాలు ఆగకుండా తిరగాలి. కరెంటు పోతే ఆ క్షణంలోనే అందుకోవడానికి బ్యాటరీలు ఉంటాయి. బ్యాటరీలు అయిపోయేలోపు డీజిల్ జనరేటర్లు స్టార్టవుతాయి. ఫైబర్ కేబుల్ కూడా ఒక్క వైపు నుంచే రాదు. రోడ్డు పనిలో జేసీబీ ఒక కేబుల్ తెంపినా ఇంకో వైపు నుంచి వచ్చేది పనిచేస్తుంది. దీన్నే డేటా సెంటర్ అంటారు.

ఇలాంటి డేటా సెంటరు ఒకటిగానీ కొన్నిగానీ కలిపి, వాటికి విడిగా కరెంటు, విడిగా కూలింగ్, విడిగా నెట్‌వర్క్ ఏర్పాటు చేస్తే దాన్ని అమెజాన్ వాళ్లు ‘అవైలబిలిటీ జోన్’ అంటారు. అలాంటి జోన్లు కనీసం మూడు ఉంటే ఒక ‘రీజియన్’. ఈ జోన్ల మధ్య కొన్ని కిలోమీటర్ల ఎడం ఉంటుంది, కానీ అన్నీ 100 కిలోమీటర్ల లోపే. ఎడం ఎందుకంటే ఒక చోట వరదొచ్చినా, నిప్పంటుకున్నా మిగతా రెండూ నిలబడాలి. మరీ దూరం ఎందుకు పెట్టరంటే, ఫైబర్లో వెలుగు సెకనుకి దాదాపు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. 100 కిలోమీటర్లంటే అర మిల్లీసెకను. అంత దగ్గర కాబట్టి ఒక జోన్లో రాసిన లెక్కని వెంటనే ఇంకో జోన్లోనూ రాసి పెట్టుకోవచ్చు. మీ ఖాతాలో డబ్బు పడ్డ సంగతి రెండు మూడు బిల్డింగుల్లో ఒకేసారి నమోదవుతుందన్నమాట.

మన దేశంలో అమెజాన్ రీజియన్లు రెండు. 2016లో ముంబైలో మొదటిది, 2022 నవంబరులో హైదరాబాద్‌లో రెండోది. మైక్రోసాఫ్ట్ 2015లో పుణె, చెన్నై, ముంబైలలో మొదలుపెట్టింది. గూగుల్ 2017లో ముంబైలో, 2021లో ఢిల్లీలో పెట్టింది. ఒకే దేశంలో రెండు చోట్ల ఎందుకు? ఒక నగరం మొత్తం ఆగిపోయినా ఇంకో నగరం నుంచి పని నడవాలని. అదీగాక బ్యాంకుల లెక్కలు, ప్రభుత్వం లెక్కలు దేశం దాటకూడదని నిబంధనలుంటాయి. దేశం లోపలే రెండో చోటు కావాలంటే రెండో రీజియన్ ఉండాల్సిందే.

ఈ తెలివి మనకి కొత్తదేం కాదు. మన పెద్దలు పోడులో ఒక్క పంటే వేశారా? రాగి, సామ, కొర్ర, జొన్న, కంది కలిపి చల్లారు. వాన వెనకబడితే ఒకటి పోతుంది, ఇంకోటి నిలబడుతుంది. ఇల్లు మాత్రం పస్తుండదు. క్లౌడ్ ఇంజనీర్లు కోట్లు పెట్టి చేస్తున్నదీ ఇదే. దేనికైనా రెండో దారి ఉండాలి.

రెండో దారి ఊరికే రాదు

ఇక్కడే మనం గట్టిగా పట్టుకోవాల్సిన విషయం ఉంది. రీజియన్లో మూడు జోన్లున్నాయి కదా అని అందులో పెట్టిన ప్రతి వెబ్‌సైటూ మూడు చోట్లా ఉండదు. వెబ్‌సైటు తయారు చేయించినవాళ్లు “మాకు రెండు జోన్లలో కావాలి, వేరే నగరంలో కాపీ కావాలి” అని అడిగి, దానికి డబ్బు కడితేనే ఉంటుంది. కట్టకపోతే ఒక్క చోటే ఉంటుంది. అది ఆగితే అంతా ఆగుతుంది.

2021 మార్చిలో ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే కంపెనీ డేటా సెంటర్ తగలబడిపోయింది. వేరే చోట కాపీ పెట్టుకున్నవాళ్లు మళ్లీ లేచారు. పెట్టుకోనివాళ్ల డేటా పోయింది. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని డేజాన్ నగరంలో ప్రభుత్వ డేటా సెంటర్లో బ్యాటరీలు అంటుకున్నాయి. 709 ప్రభుత్వ సేవలు ఆగిపోయాయి. ఉద్యోగులు ఫైళ్లు దాచుకునే జీ డ్రైవ్ అనే వ్యవస్థకి బయట కాపీ లేదు. 858 టెరాబైట్ల ఫైళ్లు బూడిదయ్యాయి. అంత పెద్దదానికి కాపీ పెట్టడం కుదరలేదన్నారు. సాంకేతికతలో ప్రపంచానికి పాఠాలు చెప్పే దేశంలో జరిగిందిది.

జోన్లన్నీ బాగున్నా ఆగిపోయే సందర్భాలూ ఉన్నాయి. 2025 అక్టోబరు 20న అమెరికాలో వర్జీనియాలోని అమెజాన్ రీజియన్ గంటల తరబడి తడబడింది. బిల్డింగులకి ఏమీ కాలేదు. ఒక ముఖ్యమైన డేటాబేస్ సేవ పేరుని అడ్రసుగా మార్చే చిట్టా ఖాళీ అయిపోయింది, అంతే. జోన్లన్నీ ఆ ఒక్క చిట్టానే నమ్ముకున్నాయి. దాంతో ఆ రీజియన్ మీద ఆధారపడ్డ యాప్‌లు ప్రపంచమంతా ఆగాయి. ఇళ్లు మూడున్నా తాళంచెవి ఒక్కటే ఉంటే జరిగేది ఇదే.

ఇప్పుడు మన పోర్టళ్ల సంగతి ఆలోచించండి. చివరి తేదీ రోజు వేలమంది ఒకేసారి తెరుస్తారని అందరికీ తెలుసు. ఆ నాలుగు రోజులకి ఎక్కువ సర్వర్లు పెట్టుకుని తర్వాత తీసేయడమే క్లౌడ్‌తో వచ్చే పెద్ద సౌకర్యం. అయినా చివరి రోజు పోర్టల్ పడిపోయిందంటే, ఆ రోజుకి సరిపడా ఏర్పాటు ఎవరూ చేయలేదని అర్థం. తప్పు నెట్ సెంటర్ తమ్ముడిది కాదు, సచివాలయం అక్కది కాదు. ఆలస్యంగా అప్లై చేశావని తిట్లు తిన్న పిల్లాడిది అసలే కాదు.

మన వైపు చివర ఏముంది

సరే, అన్నీ సరిగ్గా కట్టారనుకుందాం. హైదరాబాద్‌లో మూడు జోన్లు, ముంబైలో కాపీ, రెండు కేబుళ్లు, రెండు జనరేటర్లు. ఆ దారి మన కొండ దగ్గరికొచ్చేసరికి ఏమవుతుంది? ఒక్క టవరు. దానికి ఒక్క కరెంటు లైను. ఈదురు గాలికి చెట్టు పడి లైను తెగితే టవరు బ్యాటరీ కొన్ని గంటలు లాగుతుంది, తర్వాత టవరు పడుకుంటుంది. దాని కింద పది పల్లెలు పడుకుంటాయి. ఆ టవరు కూడా లేని ఊళ్లలో చెట్టెక్కితేనో గుట్టెక్కితేనో సిగ్నల్.

గొలుసు బలం దాని బలహీనమైన లింకు దగ్గరే తేలుతుంది. ఇంజనీర్లు డేటా సెంటర్ వైపున్న లింకులన్నీ రెండేసి చేశారు. మన వైపు లింకు మాత్రం ఒక్కటే వదిలేశారు. ఆ ఒక్క లింకు మీద మోపిన బరువు చూడండి. వేలిముద్ర పడితేనే బియ్యం. పని దగ్గర ఫోన్‌తో రోజుకి రెండు ఫొటోలు ఎక్కితేనే ఉపాధి హామీ హాజరు అన్న పద్ధతిని 2023 జనవరిలో తప్పనిసరి చేశారు. పిల్లల ఫీజులకి ఈ-కేవైసీ, అవ్వ పెన్షన్‌కి వేలిముద్ర. మైదానంలో నెట్ పోతే ఇంకో సిమ్ వేసుకుంటారు. మనకి ఇంకో సిమ్ వేసుకున్నా ఇంకో టవరు లేదు.

మన మిత్రులు కొందరు అంటారు: “ఆన్‌లైన్ వచ్చాకే దళారులు తగ్గారు. మళ్లీ కాగితం అంటే మళ్లీ దొంగలెక్కలే.” ఈ మాటలో నిజం ఉంది. అప్పట్లో రేషను పుస్తకంలో మన పేరు మీద ఎవరు సంతకం పెట్టేవారో మనకి తెలుసు. అందుకే మేం ఆన్‌లైన్ వద్దనడం లేదు. ఆన్‌లైన్‌ని కట్టినవాళ్లు తమకోసం పాటించుకున్న సూత్రాన్నే మనకీ పాటించమంటున్నాం. నెట్ లేనప్పుడు వివరాలు ఫోన్‌లోనే దాచుకుని సిగ్నల్ వచ్చాక పంపే యాప్‌లు చేయడం కష్టమేం కాదు. వచ్చిన రోజునే లెక్కలోకి తీసుకోవాలి, ఎక్కిన రోజుని కాదు. అదీ కుదరకపోతే సంతకాల రిజిస్టరు. ఇది మనం కొత్తగా కోరుతున్నదీ కాదు. వేలిముద్ర పడలేదనో, నెట్ లేదనో, ఆధార్ లేదనో ఎవరికీ బియ్యం ఆపొద్దని కేంద్ర ఆహార శాఖ 2017 అక్టోబరులోనే రాష్ట్రాలకి ఉత్తర్వు పంపింది. రెండో దారి కాగితం మీద ఉంది. డిపో దగ్గర మాత్రం ఎవరూ చెప్పరు.

కరెంటు ఇచ్చేది ఎవరు

కొండల్లో కొద్దిమంది కోసం రెండో దారి వేస్తే ఖర్చెక్కువ అంటారు. అలాగైతే ఖర్చు లెక్క పూర్తిగా చూద్దాం.

డేటా సెంటర్‌కి చోటు వెతికేటప్పుడు ముందు చూసేవి కరెంటు, నీళ్లు, నేల, కేబుల్. విశాఖపట్నంలో సముద్రపు కేబుళ్లు దిగడానికి వీలుంది. 2025 అక్టోబరులో గూగుల్ అక్కడ ఐదేళ్లలో 1500 కోట్ల డాలర్లతో గిగావాట్ స్థాయి ఏఐ కేంద్రం కడతామని ప్రకటించింది. గిగావాట్ అంటే 1000 మెగావాట్లు. ఇది ఎంతో మన నదుల లెక్కలో చూడండి. 1955లో మొదలైన మాచ్‌ఖండ్ 120 మెగావాట్లు, ఎగువ సీలేరు 240, దిగువ సీలేరులో మొదట కట్టిన నాలుగు యూనిట్లు 460. మొత్తం 820. మన ఊళ్లు ముంచి, మన కొండలు తొలిచి కట్టిన ఈ మూడూ కలిపినా ఒక్క గిగావాట్ కాలేదు.

ఆ కరెంటంతా సీలేరు నుంచే పోతుందని మేం అనడం లేదు. కానీ సోలార్, గాలి కరెంటుని రాత్రికి దాచిపెట్టడానికంటూ అల్లూరి, పార్వతీపురం మన్యం జిల్లాల కొండల మీద పంప్డ్ స్టోరేజి ప్రాజెక్టులు ప్రతిపాదిస్తున్నారు. చాలా ఊళ్లు వద్దంటున్నాయి. అడగడం మన హక్కు. 1996 పెసా చట్టం గ్రామసభని సంప్రదించాలంది. 1997 సమత తీర్పు షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులకి, ప్రైవేటు కంపెనీలకి భూమి కట్టబెట్టొద్దంది. 2013 భూసేకరణ చట్టం షెడ్యూల్డ్ ప్రాంతంలో గ్రామసభ ముందస్తు ఒప్పుకోలు తప్పనిసరి అంది. క్లౌడ్‌కి వెలుగిచ్చే కొండకే సిగ్నల్ లేదంటే, ఖర్చెక్కువ అన్న మాట ఎవరు ఎవరితో అనాలి?

మనం చేయగలిగింది

ఒకటి. “సర్వర్ డౌన్” అన్నప్పుడల్లా తేదీ, టైము, చోటు రాసి పెట్టండి. ఫొటో తీయండి. ఒక్కరు రాస్తే ఫిర్యాదు. మండలమంతా నెల రోజులు రాస్తే అది లెక్క. గ్రామసభలో, ఐటీడీఏ గ్రీవెన్స్‌లో పెట్టడానికి లెక్క కావాలి.

రెండు. సమాచార హక్కు చట్టం కింద పోర్టల్ నడిపే శాఖని మూడు ప్రశ్నలు అడుగుదాం. ఈ పోర్టల్ ఏ డేటా సెంటర్లో ఉంది? వేరే నగరంలో కాపీ ఉందా, దాన్ని చివరిసారి ఎప్పుడు పరీక్షించారు? పోయిన ఏడాది ఎన్ని గంటలు ఆగింది, ఆ గంటలకి గడువు పొడిగించారా? 30 రోజుల్లో జవాబివ్వాలి. డిగ్రీ చదివే ఎవరైనా రాయగలరు.

మూడు. ఐటీఐలో, డిప్లొమాలో ఉన్న తమ్ముళ్లు, చెల్లెళ్లు వినండి. డేటా సెంటర్ అంటే సాఫ్ట్‌వేర్ వాళ్లే అనుకోవద్దు. ఎలక్ట్రీషియన్, ఏసీ మెకానిక్, డీజిల్ మెకానిక్, ఫైబర్ టెక్నీషియన్ లేకుండా అది ఒక్క రోజు కూడా నడవదు. కట్టడం అయిపోయాక ఉద్యోగాలు కొద్దిగానే ఉంటాయి కాబట్టి, ఆ కొద్దిలో మన వాటా గేటు దగ్గర కుర్చీతో ఆగిపోకూడదు. శిక్షణ ఇప్పించమని ఐటీడీఏలని ఇప్పుడే అడగాలి, బిల్డింగు లేచాక కాదు.

ఇంజనీర్లు తమ యంత్రాల గురించి అడిగే ప్రశ్న ఒక్కటే: “ఇది ఆగితే రెండో దారి ఏది?” ఇకనుంచి కౌంటరు దగ్గర మనం కూడా అదే అడుగుదాం. వెనక్కి తిరిగి కొండెక్కే ముందు, “రెండో దారి ఏది సార్?” అని అడుగుదాం.

మీ మండలంలో ఎలా ఉందో కింద రాయండి. తేదీలతో రాయండి.

జై ఆదివాసీ! జోహార్!